చూడకుండా ఆడేవారితో

పేకాటలో తెలివైనవాణ్ణి చూసి భయపడేవారు చాలామంది. నన్నడిగితే తెలివైనవాడితో ఆడటమంత సుఖం మరొకటి లేదు. అతను పందెం పెంచితే చేతిలో ముక్కలున్నాయని అర్థం. జంకితే లేవని అర్థం. అప్పుడప్పుడూ బుకాయించినా, దానికీ ఒక పద్ధతి వుంటుంది. నాలుగు పంపకాలయ్యేసరికి అదీ తెలిసిపోతుంది. భయపడవలసింది, ముక్కలు చూడకుండా ఆడేవారిని చూసి. తనకేం పడిందో తనకే తెలియని మనిషి మొహం చూసి మనమేం కనిపెట్టగలం?

ఇటువంటివారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఇంట్లో ఆ పదవి మా మేనత్తది. పండక్కి అందరం చేరినప్పుడు, రాత్రి భోజనాలయి పిల్లలు పడుకున్నాక, చాప పరిచి మూడు ముక్కలాట వేస్తాం. పందెం చింతపిక్కలు. అత్తయ్య తన మూడు ముక్కలూ బోర్లించి, వాటిమీద కళ్లజోడు పెట్టి, పిక్కలు వేస్తూ పోతుంది.

"ఒక్కసారి చూసుకోరాదటత్తయ్యా?" అంటే, "చూస్తే భయమేస్తుందిరా అబ్బాయీ. చూడనంతసేపూ అన్నీ ఆసులే!" అంటుంది.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. ఒకే అంకె ముక్కలు మూడూ పడితే అంతకు మించింది లేదు. తరవాతది ఒకే జాతిలో వరస, ఆ తరవాత మామూలు వరస, ఆ తరవాత వరస లేకపోయినా మూడూ ఒకే జాతి, ఆ తరవాత జత. ఇవేవీ లేకపోతే పెద్ద ముక్క వున్నవాడిది గెలుపు. ముక్కలు చూసుకున్నవాడు, చూడనివారు వేసినదానికి రెట్టింపు వెయ్యాలి. ఇద్దరే మిగిలి అందులో ఒకరు చూడనివారయితే, ముక్కలు తిప్పమని అడిగే హక్కు చూసినవాడికి లేదు. వేస్తూ వుండాలి, లేదా పారేసి లేవాలి. మేమాడే పద్ధతి ఇది. అంటే ఆట ముగించే తాళంచెవి అత్తయ్య కొంగునే వుంటుందన్నమాట.

ఇటువంటివారితో ఆడేటప్పుడు చేతిలో మంచి ముక్కలు పడితే ఏం చెయ్యాలి? చాలామంది బుకాయింపులకు దిగుతారు. పందెం అమాంతం పెంచి హడలగొట్టబోతారు. అత్తయ్య హడలదు. తన ముక్కలే చూసుకోని మనిషికి మీ ముక్కలంటే భయమెందుకు? ఆవిడ దగ్గర పనికివచ్చేది లెక్క ఒక్కటే.

52 ముక్కల్లోంచి మూడేసి తీస్తే 22,100 రకాలు వస్తాయి. వాటిలో జత గాని, అంతకు పైది గాని వున్నవి 5,660. అంటే నూటికి 74 సార్లు జత అయినా వుండదు. ఇది గుర్తుంచుకుంటే సగం భయం పోతుంది. నిదానస్థుడు పందెం పెంచితే చిన్న జత దేనికీ కొరగాదు. చూడనివారి ముందు అదే జత పెద్దమనిషి అయిపోతుంది. ముక్కల విలువ ముక్కల్లోనే లేదు. ఎదుట కూర్చున్నవారిని బట్టి వుంటుంది.

అయితే రెట్టింపు వెయ్యాలన్న షరతు మరచిపోకూడదు. చుట్టుకు ఆవిడది ఒక పిక్క, నాది రెండు. మధ్యలో ముందే పోగుపడినది పక్కన పెడితే, నేను మూడింట రెండు వంతులకు పైగా గెలిచే ముక్కలుంటేనే సాగదీయటం లాభం. రెండ్ల జత అయినా నూటికి 74 సార్లు గెలుస్తుంది. 74 పిక్కలు వచ్చి 52 పోతాయి. గిట్టుబాటే. ఒక ఆసు, పక్కన రెండు పనికిమాలిన ముక్కలు అయితే, గెలుపు మూడింట రెండు వంతులకు లోపే. గెలిచేది ఎక్కువసార్లే అయినా పిక్కలు మాత్రం తరుగుతాయి. ఈ తేడా తెలియకనే, "ఆసు వుందిగదా" అని చాలామంది మునుగుతారు.

పోయిన సంక్రాంతికి నాకు రెండు ఆసులూ ఒక పదీ పడ్డాయి. మిగతావాళ్లు పారేశారు. నేనూ అత్తయ్యా మిగిలాం. చూడకుండా ఆడే ఒక్క మనిషిమీద ఆసుల జత నూటికి సుమారు 91 సార్లు గెలుస్తుంది. చుట్టుకు రెండు చొప్పున వేస్తూ పోయాను. పదో చుట్టు తరవాత అత్తయ్యకు నిద్ర వచ్చింది. మరో పిక్క పడేసి, "ఇక తిప్పరా" అన్నది. నా ఆసులు పరిచాను. ఆవిడ కళ్లజోడు తీసి పెట్టుకుని తన ముక్కలు తిప్పింది. నాలుగు, ఏడు, తొమ్మిది. మూడూ కళావర్లే!

ఇల్లంతా గొల్లుమన్నది. మా తమ్ముడు, "అంత నెమ్మదిగా ఎందుకాడావు, అన్నయ్యా?" అన్నాడు. మళ్లీ అవే ముక్కలు పడితే మళ్లీ అలాగే ఆడతానన్నాను. నూటికి 91 అంటే, తక్కిన 9 సార్లు పోతుందనే గదా! ఆ తొమ్మిదిలో ఒకటి ఆ రాత్రి వచ్చింది.

పోగొట్టుకున్న పిక్కలకన్నా ప్రమాదమైనది మరొకటి వున్నది. అది కోపం. "చూడకుండా ఆడి నన్ను గెలుస్తారా?" అన్న ఉక్రోషంతో, నిదానంగా ఆడేవాడు మర్నిమిషంలో తనూ ముక్కలు చూడటం మానేస్తాడు. అప్పుడు చాపమీద మిగిలేది ఇద్దరు అత్తయ్యలు. చూడకుండా ఆడటంలో ఆవిడకున్న అనుభవం అతనికేదీ?

మరొక జాగ్రత్త. చూడనివారు ఒక్కరయితేనే ఆసుల జతకు 91. ముగ్గురయితే, ముగ్గురినీ గెలవటం నూటికి 76, అయిదుగురయితే 63. పోకరులోనూ ఇంతే. చేతికి రెండు ముక్కలిచ్చి, అయిదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా పరిచే ఆటలో, మొదటే ఆసుల జత వస్తే ఒక్కరిమీద నూటికి 85 సార్లు గెలుపు. నలుగురూ దొరికిన ముక్కలతో చివరిదాకా కూర్చుంటే 56కు దిగుతుంది. అందుకే మంచి ముక్కలు పడ్డప్పుడు మొదట్లోనే పందెం కాస్త పెంచి, జనాన్ని పలచన చెయ్యమంటారు అనుభవజ్ఞులు.

ఇంత లెక్క వున్నా, చట్టం దృష్టిలో మూడు ముక్కలాట అదృష్టమే. 1967లో సుప్రీంకోర్టు, సికిందరాబాదు క్లబ్బు ఒకదాని కేసులో, రమ్మీకి పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది వుంచాలో ఏది వదలాలో తేల్చుకోవాలి గనక అది ప్రధానంగా నేర్పు గల ఆట అన్నది. మూడు ముక్కలాటలా కేవలం అదృష్టం కాదన్నది. న్యాయమూర్తులతో నాకు తగాదా లేదు. నా లెక్క నూరు పంపకాలకు సరిపోతుంది. ఒక్క పంపకానికి పూచీ పడదు. నూరు పంపకాలదాకా నిలవాలంటే, పోయినా ఫరవాలేదనిపించే పందెమే కాయాలి.

చింతపిక్కలు పోతే మర్నాడు పొద్దున చాప దులిపి ఏరుకోవచ్చు. జీతం రాళ్లు పెట్టినవాడికి మాత్రం, తొమ్మిదిలో ఒకటి మొదటి రాత్రే వస్తే, తక్కిన తొంభయి ఒకటీ వచ్చేదాకా కూర్చునే స్తోమతు వుండదు. ఇంట్లో బియ్యం అంతవరకూ ఆగవు.