జెనెసిస్ తీర్చని అప్పు

ఇంగ్లిష్ రాక్ బృందం జెనెసిస్ ఆల్బమ్‌లలో గొప్పవి ఏవని ఏ అభిమానిని అడిగినా వరస ఒక్కటే. "సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్" ఉంటుంది, "ఫాక్స్‌ట్రాట్" ఉంటుంది, "ది లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే" మీద ఓ పోట్లాట ఉంటుంది. 1970 అక్టోబరులో వచ్చిన "ట్రెస్‌పాస్" మాత్రం అడుగున ఎక్కడో, "అప్పటికింకా కుదురుకోలేదులే" అన్న ఒక్క ముక్కతో. వింటే ఒళ్లు మండుతుంది. వాళ్ల లెక్క ఏమిటంటే, అప్పటికి డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ లేడు, గిటారిస్టు స్టీవ్ హాకెట్ లేడు, కాబట్టి అసలు జెనెసిస్ ఇంకా పుట్టనే లేదు. మరి ఆ ఇద్దరూ వచ్చి చేరింది దేంట్లోనట?

చార్టర్‌హౌస్ స్కూల్లో చదువుకున్న కుర్రాళ్లు మొదలుపెట్టిన బృందమిది. 1969లో వచ్చిన తొలి ఎల్పీలో వాళ్ల చిన్న చిన్న పాప్ పాటల మీద తీగవాద్యాలు దట్టించేశారు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే నాకేం బాధ లేదు. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 1969 చివర్లో డోర్కింగ్ దగ్గర ఓ కాటేజీలో మకాం పెట్టి, నెలల తరబడి అదే పనిగా వాయించుకున్నారు. ఆంథనీ ఫిలిప్స్, మైక్ రూథర్‌ఫర్డ్ చెరో పన్నెండు తీగల గిటార్ పట్టుకుని, ఒకరి మీటు సందుల్లోకి ఇంకొకరి మీటు జొరబడేలా అల్లుకుంటూ పోయే ఆ పద్ధతి "ట్రెస్‌పాస్"లోనే పూర్తి రూపం తీసుకుంది. ఏ స్వరం ఎవరిదో చెవికి అందదు. మిగతా ప్రోగ్రెసివ్ రాక్ బృందాలన్నీ ఎవరు ఎక్కువ మోత మోగిస్తారా అని పోటీ పడుతున్న రోజుల్లో వీళ్లు గొంతు తగ్గించారు.

అనుమానముంటే "స్టాగ్నేషన్" వినండి. దాదాపు తొమ్మిది నిమిషాల పాట. తిరిగి తిరిగి వచ్చే పల్లవంటూ లేదు. మనుషులంతా పోయాక భూమి అడుగున దాక్కుని బతికి బయటపడ్డ ఒకే ఒక్క ధనవంతుడి గోడు అది. గిటార్లు దాదాపు గుసగుసగా మొదలవుతాయి. టోనీ బ్యాంక్స్ ఆర్గన్ తొందర లేకుండా వాటి మధ్యలోకి వస్తుంది, ఎక్కడా గారడీ చెయ్యదు. అప్పటిదాకా మెత్తగా సాగిన పీటర్ గేబ్రియల్ గొంతు ఉన్నట్టుండి దాహం దాహమని చీరుకుపోతుంది. ఆ తర్వాత వచ్చే అతని ఫ్లూట్ వినీ చలించనివాళ్లతో నాకు వాదన లేదు. కుదురుకోని వాళ్లు చెయ్యగలిగే పనా ఇది?

"ది నైఫ్" ఒక్కదానికే కాస్త మర్యాద దక్కింది, అదీ అరుస్తుంది కాబట్టే. 1973 నాటి లైవ్ ఆల్బమ్‌ను ముగించేదీ అదే. గాంధీ గురించిన పుస్తకం చదివిన ప్రభావంతో, హింసతో వచ్చే విప్లవం చివరికి నియంతనే గద్దె ఎక్కిస్తుందని గేబ్రియల్ రాసిన వెక్కిరింత పాట అది. మన గాంధీ ఓ ఇంగ్లిష్ రాక్ పాటలోకి ఈ దారిన వచ్చాడని ఇక్కడ ఎంతమందికి తెలుసు? అప్పటికే చిత్రకారుడు పాల్ వైట్‌హెడ్ ఆల్బమ్ అట్ట బొమ్మ వేసేశాడు. ఈ పాటకి అది మరీ సౌమ్యంగా ఉందనిపించి, ఆ బొమ్మను నిజంగానే కత్తితో చీల్చారు.

లోపాలు లేవనను. రికార్డింగ్ కాస్త మసకగా ఉంటుంది. జాన్ మేహ్యూ డ్రమ్స్ కొన్నిచోట్ల బిగుసుకుపోతాయి. అయితే ఆయన్ని ఓ వేళాకోళంగా మార్చేసిన తీరు మాత్రం అన్యాయం. "విజన్స్ ఆఫ్ ఏంజెల్స్"లో ఆయన వాయించినదానికి వంకేముంది?

ఫిలిప్స్‌కు జరిగింది ఇంకా పెద్ద అన్యాయం. స్టేజీ భయం, దానికి తోడు అనారోగ్యం, ఆల్బమ్ బయటికి రాకముందే బృందం వదిలేశాడు. కానీ అతని పని ఎక్కడికీ పోలేదు. తర్వాతి ఆల్బమ్ "నర్సరీ క్రైమ్"లో అందరూ నెత్తిన పెట్టుకునే "ది మ్యూజికల్ బాక్స్" విత్తనం ఫిలిప్స్ ఉన్నప్పుడే పడింది. 1970 జనవరిలో ఓ బీబీసీ చిత్రం కోసం రికార్డు చేసిన ముక్కల్లో ఆ సంగీతం అప్పటికే వినిపిస్తుంది. ఆ ముక్కలు జనానికి అందింది 2008లో, ఓ ఖరీదైన బాక్స్ సెట్‌లో. అప్పటికే పొగడ్తలన్నీ పంచేసుకున్నారు.

విడుదలైనప్పుడు ఇంగ్లండ్ చార్టులు "ట్రెస్‌పాస్" మొహం చూడలేదు. బెల్జియం వాళ్లు మాత్రం మొదటి స్థానంలో కూర్చోబెట్టారు. చెవులున్న దేశం!

కాలిన్స్ రాకముందు జెనెసిస్ లేదనేవాళ్లకి ఒకటే మాట. 1976లో, గేబ్రియల్ వెళ్లిపోయాక, కొత్త గాయకుడిగా నిలబడాల్సిన తొలి పర్యటనలోనే కాలిన్స్ పాడినవాటిలో "వైట్ మౌంటెన్" ఉంది. తను లేని "ట్రెస్‌పాస్"లోది, ఒక తోడేలు కథ. మరుసటి ఏడు వచ్చిన లైవ్ ఆల్బమ్ "సెకండ్స్ అవుట్"లో "ఐ నో వాట్ ఐ లైక్" చివరన "స్టాగ్నేషన్" వరస ఒకటి దూరింది. బృందమే మర్చిపోలేదు, అభిమానులు ఎందుకు మర్చిపోయారో వాళ్లే చెప్పాలి.