రెట్టింపు అంటే ఎంత?

1995 అక్టోబరులో బ్రిటన్‌లో మందుల భద్రత చూసే కమిటీ ఒక హెచ్చరిక చేసింది. కొత్తరకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని. పేపర్లు, టీవీలు హోరెత్తించాయి. చాలామంది ఆడవాళ్ళు భయపడి మాత్రలు మానేశారు.

లెక్క తప్పేం కాదు. పాత మాత్రలతో సుమారు ఏడువేలమందిలో ఒకరికి వచ్చేది, కొత్తవాటితో ఇద్దరికి వస్తుంది. ఒకటి రెండయితే రెట్టింపే కదా! "నూరు శాతం పెరిగింది" అన్నా నిజమే, "ఏడువేలకి ఒకరు అదనం" అన్నా నిజమే. మొదటిది విన్నావిడ మాత్రలు పారేస్తుంది, రెండోది విన్నావిడ డాక్టర్ని అడుగుతుంది. మరుసటేడు ఇంగ్లండ్, వేల్స్‌లలో అదనంగా 13,000 అబార్షన్లు జరిగాయని ఒక అంచనా. ఇంకా ఘోరం ఏంటంటే, గర్భం వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల కన్నా ఎక్కువ.

మన ఆఫీసుల్లో ఎవరైనా "ఎర్రర్లు డబులయ్యాయి" అని అర్ధరాత్రి మెయిలు కొడితే ముందు అడిగేది ఎన్నింటిలో ఎన్ని అనే. జబ్బుల వార్తల దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్న ఎందుకో నోటికి రాదు.

2024 ఏప్రిల్ చివర్లో చూశాం కదా. ఆస్ట్రాజెనెకా టీకాతో అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టొచ్చని కంపెనీయే బ్రిటన్ కోర్టులో ఒప్పుకుందని వార్త. మనవాళ్ళు కోవిషీల్డ్ పేరుతో వేయించుకున్నది అదే మరి! వాట్సాప్ గ్రూపులు అట్టుడికిపోయాయి. నిజానికి యూరప్ మందుల సంస్థ ఆ మాట 2021 ఏప్రిల్ 7నే చెప్పింది. అదే రోజు బ్రిటన్ అధికారులు టీవీ ముందు కూర్చుని, రెండు కోట్ల డోసులకి 79 కేసులు, 19 మరణాలు అని చెప్పారు. ఏ వయసువాళ్ళకి ఐసీయూ ఎంత తప్పుతుందో, గడ్డల ముప్పెంతో పక్కపక్కనే బొమ్మగీసి చూపించారు. ముప్పై లోపు వాళ్ళకి వేరే టీకా ఇస్తామన్నారు. (1995 నుంచి కాస్త నేర్చుకున్నట్టే ఉన్నారు.)

మన జనానికి అంకెలు చెప్తే అర్థంకావు, కంగారు పడతారు అనేవాళ్ళతో నాకు పేచీ. నూటికి రెండ్రూపాయల వడ్డీ, చీటీపాటలో పోయేదెంత, మిగిలేదెంత నోటిలెక్కన కట్టేవాళ్ళకి "లక్షల్లో ఒకరికి" అంటే అర్థం కాదా? అర్థంకానిది "అత్యంత అరుదు" అన్న మాట. అరుదంటే వందలో ఒకటా, పది లక్షల్లో ఒకటా?

ఇంకోటి. ఆ గడ్డల సమస్య సాధారణంగా టీకా పడ్డాక నెలా నెలన్నర లోపే బయటపడేది. మూడేళ్ళ క్రితం వేయించుకుని 2024లో నిద్రపట్టక అటూ ఇటూ పొర్లినవాళ్ళకి ముందు చెప్పాల్సిన ముక్క ఇది. నాకొచ్చిన ఫార్వర్డుల్లో ఒక్కదాంట్లోనూ కనపళ్ళేదు.