పాతబండి బేరము

కడచిన మాసమున ఈ పుటలో పప్పుధాన్యములను పురుగు పట్టకుండ నిలువచేయు విధమును గూర్చి వ్రాసియుంటిమి. ఈ మాసము మోటారుబండి బేరమును గూర్చి వ్రాయబూనితిమి. ఇది పురుషుల విషయము గదా యని పుట త్రిప్పివేయబోకుడు. బండి కొనుటకు బజారునకు పోవువారు పురుషులే కావచ్చును గాని, ఆ బండికై కుదువకు పోవునది మన మెడలోని నగయే. కావున బేరము జరుగుచోట మనమును నిలుచుండుట న్యాయము.

మా వదినగారి కాపురము ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘమువలన పేరుగాంచిన యూరది. అచ్చట మా అన్నగారికి షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు బాడుగకిచ్చు వ్యాపారము కలదు. వీనితోపాటు రెండు చక్రముల ట్రాలీపై బిగించిన జనరేటరొకటి వారికున్నది. పెండ్లి ముహూర్తములయందును, జనవరి మాసమున నీలకంఠేశ్వరస్వామి జాతరయందును దానిని ఏదేని యొక బండికి తగిలించి లాగుకొనిపోవలయును. సంవత్సరము మొత్తముమీద ఆ పని పది పండ్రెండు దినములకు మించదు. తక్కిన దినములన్నియు కుర్చీలు మోయుటయే.

ఇంతకాలము బాడుగ ఆటోలతో గడపి, ఈ యేడు సొంతబండి కొనదలచిరి. క్రొత్తది కొను శక్తి లేదు. అన్నగారు జనరేటరును లాగగల పెద్ద డీసెలు పికప్పు కావలెననిరి. వదినగారు చిన్న పెట్రోలుబండి చాలుననిరి. ఆమె పట్టుదలకు కారణము వేరు. అన్నగారు పొరుగూళ్లకు పోయినప్పుడు డ్రైవరుకై కాచుకొనుచు, వచ్చిన బేరములు పోగొట్టుకొనుట ఆమెకు విసుగు పుట్టించినది. ఆమెకు కారు నడుపు లైసెన్సు కలదు. ఆ లైసెన్సుతోనే, మొత్తము బరువు 7,500 కిలోలు మించని సరకుబండిని గూడ నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో తీర్పు చెప్పినది. ఈ సంగతి మన సోదరీమణులలో ననేకులకు తెలియదు.

ఇద్దరికిని పొసగక, మమ్ము పిలిపించిరి. ముగ్గురమును కలసి ఆదోనికి పోయితిమి. ఎమ్మిగనూరునకు అది ముప్పది కిలోమీటర్ల దూరము. పత్తి బజారు, జిన్నింగు మిల్లులు ఉన్నయూరు గనుక సరకుబండ్లకు కొదువలేదు. దలాలి యొకడు మాకు మొదట చూపినది పెద్ద డీసెలుబండి. క్రొత్తగా రంగు వేసి, అద్దమునకు పూలదండ కట్టి, పెండ్లికూతురివలె నిలిపియుండెను. వెల నాలుగున్నర లక్షలు. “సూడక్కా, ఏనుగును కట్టినా లాగుతాది” అని యతడు వదినగారితో ననెను. “లాగునది సరే నాయనా, నిలుపునా?” అని మేమడిగితిమి. అతడు నవ్వి యూరకుండెను.

ఈ ప్రశ్నయే ఈ వ్యవహారమున కెల్ల మూలము. ఎమ్మిగనూరు జాతరలో ఎద్దులచేత రాతిదూలము లాగించు పందెములను మీలో కొందరు చూచియుందురు. అంత బరువును లాగిన ఎద్దులు నిలిచిన తోడనే ఆ రాయియు నిలుచును. దానికి చక్రములు లేవు. జనరేటరు ట్రాలీ యట్టిది కాదు. ముందుబండి నిలిచినను అది నిలువదు, వెనుకనుండి త్రోయును. వేగము రెండింతలయిన, ఆపుటకు వలయు దూరము రమారమి నాలుగింతలగును. లాగు శక్తి ఇంజనుది. ఆపు శక్తి బ్రేకులది, టైర్లది, బండి సొంత బరువుది. కొనువారందరును ఇంజనునే యడుగుదురు, బ్రేకును అడుగువారు అరుదు.

అమెరికాలో ఇట్టి పికప్పుబండ్లతో, అందును పెట్రోలువానితోనే, పడవలను, గుఱ్ఱపుపెట్టెలను లాగుట గృహస్థులకు వాడుక. అచ్చట ననేక రాష్ట్రములలో ట్రెయిలరు బరువు 3,000 పౌనులు, అనగా రమారమి 1,360 కిలోలు, మించినచో దానికి తన సొంత బ్రేకులు ఉండవలెనని చట్టము. మా అన్నగారి ట్రాలీకి బ్రేకు లేదు. దాని బరువెంతయో ఎనిమిదేండ్లుగా వారికి తెలియదు! మరునాడు ఒక మిల్లు కాటామీద తూచి చూడగా 1,420 కిలోలు వచ్చినది. అన్నగారు చీటిని రెండుసార్లు చదివిరి.

బరువు ట్రాలీపై ఎక్కడ నున్నదన్నదియు ముఖ్యమే. ఎద్దులబండి యెరిగినవారికి ఇది చెప్పనక్కరలేదు. బరువు వెనుకకు మొగ్గినయెడల నొగ పైకి లేచి ఎద్దుల గొంతు పట్టుకొనును. ముందుకు మితిమీరి మొగ్గినచో కాడి వాని మెడను అణచును. మోటారు ట్రాలీకిని ఇదే ధర్మము. మొత్తము బరువులో పదింట నొకవంతు మొదలు కొంచెము పైగా, నూటికి పదునైదు వరకు, కొక్కెముమీద పడవలెనని తెలిసినవారు చెప్పుదురు. వెనుక మొగ్గిన ట్రాలీ వేగమందుకొనగనే పాముతోకవలె ఊగి, ముందుబండిని గూడ త్రోవ తప్పించును.

ఇక చిన్న పెట్రోలుబండ్ల మాట. జనులు చోటాహాథీ యని పిలుచు టాటా ఏస్ 2005లో డీసెలు ఇంజనుతో వచ్చినది. పెట్రోలు రకము 2020లో వచ్చినది, దాని ఇంజను రెండు సిలిండర్లది. మారుతీ సూపర్ క్యారీ పెట్రోలురకమునకు నాలుగు సిలిండర్లు. ఇవి వీపుమీద మోయునది రమారమి ముప్పాతిక టన్ను. కుర్చీలకు, షామియానా గుడ్డలకు, గుంజలకు అది చాలును. పదునాలుగు వందల కిలోల ట్రాలీని వీనికి కట్టుట మేకపోతును కాడికి కట్టినట్లే. వదినగారును ఆ మాట కాదనలేదు.

మరి జనరేటరు మాటేమి? ఇచ్చట వదినగారు తమ చిట్టాపుస్తకము తెరచిరి. పెద్దబండికిని చిన్నబండికిని వెలలో భేదము రెండున్నర లక్షలు. అది నగపై తెచ్చిన అప్పే గదా. నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున సంవత్సరమునకు ముప్పదివేలు. జాతరకును ముహూర్తములకును ట్రాక్టరును బాడుగకు పిలిచిన దినమునకు పదునైదు వందలు, పది దినములకు పదునైదువేలు. నూనె ఖర్చునందైనను పెద్దబండి గెలుచునేమో యని అన్నగారు చూచిరి. నెలకు ఆరువందల కిలోమీటర్ల తిరుగుడు. చిన్న పెట్రోలుబండి లీటరునకు పదునైదు, పెద్ద డీసెలుబండి పండ్రెండు నడచునని డ్రైవర్లు చెప్పిరి. అనగా నలువది లీటర్ల పెట్రోలు, ఏబది లీటర్ల డీసెలు. పెట్రోలు వెల హెచ్చయినను అది అంతటితో చెల్లిపోయినది. ఇంతేగాక 2020 ఏప్రిలునుండి అమలునకు వచ్చిన క్రొత్త పొగ నిబంధనల తరువాతి డీసెలుబండ్లలో అనేకములకు మసిని పట్టు జల్లెడ యొకటి యుండును. ఊరిలో చిన్నదూరములే తిరుగు బండికి అది తరచుగా పూడుకొనును. డీసెలు దూరప్రయాణములు చేయువారికి లాభము. వీధివీధికి కుర్చీలు దింపువారికి కాదు.

వెనుకటి యుద్ధకాలమున పెట్రోలు దొరకక బస్సులను బొగ్గుగాలితో నడిపిరనియు, ఎగుడు వచ్చిన ప్రయాణికులు దిగి త్రోసిరనియు మా పెద్దలు చెప్పెడివారు. ఆ కథ విని పెరిగిన మాకు పెట్రోలుబండి కొనుమని సలహా చెప్పుట వింతగనే యున్నది.

అన్నగారింకను పెద్దబండిపైని మనసు మరల్చలేదు. ఇరువదివేలు బయానా చేతబట్టుకొనియుండిరి. అంతట మేము ఫోనులో ప్రభుత్వమువారి ఎంపరివాహన్ యాప్ తెరచి, బండి నంబరు వేసి చూచితిమి. బండి కర్ణాటకములో రిజిస్టరయినది. ఒక ఫైనాన్సు కంపెనీ పేర తాకట్టు ఇంకను చెల్లలేదు. దలాలి ఈ రెంటిలో దేనిని చెప్పలేదు. అడుగగా “అదంతా వారంలో అయిపోతాదిలే అక్కా” యనెను.

ఈ “వారములో” అనుమాట మాకు మున్నే అనుభవము. కొన్నియేండ్ల క్రిందట మా యింటి పాతవ్యాను నొకరికి అమ్మి, రొక్కము పుచ్చుకొని, పేరు మార్పించుకొందుమన్న కొనువారి మాట నమ్మి యూరకుంటిమి. రెండేండ్ల తరువాత ఆ వ్యాను ఎవరినో కొట్టినదని మా పేర కోర్టునోటీసు వచ్చినది. రిజిస్టరులో పేరున్నవారే యజమానులు, నష్టపరిహారమునకు వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో స్పష్టపరచినది. మేము తిరిగిన తిరుగుడు, కార్చిన కన్నీరు ఇచ్చట వ్రాయము. కొనువారికిని ఇందు కీడు కలదు. పేరు మారని బండి ఎప్పటికిని పరులదే, తాకట్టు తీరనిచో కంపెనీవారు వచ్చి తోలుకొనిపోవుదురు.

కావున రొక్కము చేతులు మారకముందే 29, 30 నంబర్ల ఫారములపై అమ్మువాని సంతకములు, తాకట్టు తీరినదను కంపెనీ పత్రముతోపాటు 35వ ఫారము చేతికి రావలెను. పొరుగు రాష్ట్రపు బండియైనచో అచ్చటి కార్యాలయపు అభ్యంతరములేని పత్రము, అనగా 28వ ఫారము, ఉండవలెను. సరకుబండికి ఫిట్‌నెస్ పత్రము కాలము తీరియున్నదా చూడవలెను. ఎనిమిదేండ్ల వయసు వరకు రెండేండ్లకొకమారు, ఆపైన ఏటేట దానిని పొందవలసియుండును. బీమాను పదునాలుగు దినములలో మన పేరునకు మార్పించుకొనవలెను. మొత్తము బరువు 3,000 కిలోలు మించని సరకుబండికి పర్మిటు అక్కరలేదు. ఇది చిన్నబండి కొనువారికి మేలు.

పెద్దబండిని విడిచితిమి. నాలుగవ దినమున చిన్న పెట్రోలుబండి యొకటి దొరకినది. ఈ మారు మేము తెల్లవారకమునుపే పోయి, సీటు క్రిందనున్న ఇంజనుపై చేయిపెట్టి చూచితిమి. అమ్మువారు ముందుగా వేడిచేసి యుంచినచో చలిలోని దోషము కనబడదు. చల్లగానే యున్నది. తిప్పగనే అందుకొనినది. నీలపు పొగ వచ్చిన నూనె మండుచున్నదని గుర్తు. తెల్లనిపొగ విడువకుండ వచ్చిన నీరు లోనికి పోవుచున్నదని గుర్తు. ఇందులో రెండును లేవు. నూనెమూత తీసి చూచితిమి. దానియడుగున మజ్జిగ మీగడవంటిది అంటుకొనియున్న యెడల నూనెలో నీరు కలసినదేమోయని అనుమానింపవలెను. అదియు లేదు.

మేస్త్రీ యొక విద్య చూపెను, మీరును చేయవచ్చును. చేతిబ్రేకు బిగించి, మూడవ గేరు వేసి, క్లచ్చి మెల్లగా విడువవలెను. ఇంజను వెంటనే ఆగిపోయిన క్లచ్చి బాగున్నట్లు. ఆగక రొదచేయుచున్న నరిగిపోయినట్లు. ఇది కొంత రొదచేసిన తరువాత ఆగినది. ఆరు నెలలలో మార్చవలసివచ్చునని మేస్త్రీ చెప్పగా, వదినగారు వెలలో ఎనిమిదివేలు తగ్గించిరి. తరువాత క్రిందికి వంగి ఛాసీని చూచితిమి. వెనుక కమానుపట్టీలు తగులుకొను చోట పగుళ్లు, అతుకులు ఉన్నవా, లాగుడు కొక్కెము అతికించిన గుర్తులున్నవా యని వెదకితిమి. అట్టి గుర్తున్నచో ఆ బండి తన శక్తికి మించిన పని చేసినదని తెలిసికొనవలెను. టైరుమీది కడపటి నాలుగంకెలు అది తయారైన వారమును, సంవత్సరమును తెలుపును. 2319 అనిన 2019లో ఇరువదిమూడవ వారము. గీతలు నిండుగా నున్నను వయసు మీరిన టైరు ఎండకు పగులును. ఇంకొక మాట. కొందరు పెట్రోలుబండిలో వంటింటి గ్యాసు సిలిండరు రహస్యముగా బిగించి నడుపుదురు. అది నేరము, ప్రాణాపాయము. సీటు వెనుక రబ్బరు గొట్టపు గుర్తులు కనబడిన యెడల ఆ బండిని ఊరక యిచ్చినను కొనరాదు.

బండిని ఎవరి పేర వ్రాయించుట యని కార్యాలయమున నడిగిరి. అన్నగారు వదినగారివైపు చూచిరి. నగ ఆమెది గనుక బండియు ఆమె పేరనే వ్రాయబడినది.

బండి యింటికి వచ్చిన వారములోనే పొరుగింటివారు పత్తితీతకు ఇరువదిమంది కూలి స్త్రీలను వెనుక నెక్కించుకొనిపొమ్మని వదినగారిని బ్రతిమాలిరి. ఆమె ఒప్పుకొనలేదు. మాటలు పడినది. సరకుబండి వెనుక ప్రయాణికులుగా ఎక్కినవారికి బీమాకంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పిచ్చినది. ఆ ఇరువదిమందిలో ఎవరికేమైనను, ఆ బిడ్డలకు బీమాకంపెనీనుండి పరిహారము దక్కునను నమ్మకము లేదు. కూలికి పోవు సోదరీమణులకును ఈ సంగతి చదువరులు తెలుపగోరెదము.

మొన్నటి జాతరలో జనరేటరును ట్రాక్టరు తెచ్చినది. వెనుకనే వదినగారు కుర్చీలు నింపిన బండిని తామే నడుపుకొనుచు వచ్చిరి. క్లచ్చి ఇంకను మార్చలేదు. కాసులపేరు ఇంకను కుదువలోనే యున్నది. ఉగాదికి విడిపింతునని వ్రాసినారు.