తాళం సరే, తాళంచెవి ఎవరి దగ్గర?

నూజివీడు ప్రాంతంలో మామిడి సీజను మొదలైతే తోటల్లోనూ షెడ్లలోనూ కాయలు ఏరి, సైజుల వారీగా వేరుచేసి, పెట్టెల్లో సర్దే పనికి కూలికొచ్చే ఆడవాళ్లు ఎందరో. అక్కడ లైంగిక వేధింపు జరిగితే ఎవరికి చెప్పుకోవాలి? పదిమంది కన్నా తక్కువ మంది పనిచేసే చోటైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, 2013 చట్టం ప్రకారం జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదు రాసిపెట్టేది చాలాసార్లు మనలాంటి సంఘాలే. ఒకప్పుడు ఆ కాగితం బీరువాలో ఉండేది. ఇప్పుడు ఆఫీసు కంప్యూటర్లో ఉంటోంది. ఆ కంప్యూటర్లో ఎవరు ఏ ప్రోగ్రాం పెట్టుకోవచ్చన్న ప్రశ్నను మనం హక్కుల ప్రశ్నగానే చూడాలంటాను.

ఇంటర్నెట్ చూసే బ్రౌజరుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములను ప్లగిన్‌లనీ, ఎక్స్‌టెన్షన్లనీ అంటారు. ప్రకటనలు ఆపడానికి ఒకటి, అనువాదానికి ఒకటి. వాటిలో చాలావాటికి మనం తెరిచే ప్రతి పేజీనీ చదివే, మార్చే అనుమతి ఉంటుంది. అంటే మెయిల్లో తెరిచిన ఫిర్యాదు, అందులోని ఆమె పేరు, ఊరు అన్నీ దానికి కనిపిస్తాయి. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే సమాచార భద్రతా కంపెనీ ఉద్యోగిని దొంగ మెయిలుతో మోసగించి, ఆ కంపెనీ క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌లోనే హానికరమైన కోడ్ చేర్చి వాడేవాళ్లకు పంపారు. నమ్మకంగా పెట్టుకున్నది కూడా అప్‌డేట్ పేరుతో ఒక్క రాత్రిలో మారిపోగలదు.

"మా మీద నమ్మకం లేదా?" అని సిబ్బంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఫిర్యాదు చేసిన స్త్రీ వివరాలు బయటపెట్టకూడదని 2013 చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. చట్టం లేకపోయినా, ఆమె మనల్ని నమ్మి చెప్పిన మాట అది. కనుక కట్టడి ఉండాల్సిందే.

అయితే ఆ కట్టడి ఎలా అమలవుతోంది? నేను చూసిన సంస్థల్లో అడ్మిన్ పాస్‌వర్డు పట్నంలో కూర్చున్న ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఆ ఒక్కరూ సాధారణంగా మగవాడే. ఊళ్లలో తిరిగే ఆడవాళ్లు తెలుగు టైపింగ్ కీబోర్డుకు కూడా ఆయన్నే బతిమాలుకోవాలి. నాకు తెలిసిన చూపు లేని కార్యకర్త ఒకామె ఉద్యోగంలో చేరగానే ఎన్‌వీడీఏ కావాలని అడిగింది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఉచిత ప్రోగ్రాం అది. తెలుగూ చదువుతుంది. "బయటి సాఫ్ట్‌వేర్ నిషేధం" అని జవాబొచ్చింది. మూడు వారాల పాటు ఆమె ప్రతి కాగితాన్నీ పక్కవాళ్లచేత చదివించుకుంది. వాటిలో రహస్యంగా ఉంచాల్సిన ఫిర్యాదులూ ఉన్నాయి. గోప్యత కోసం పెట్టిన నియమమే గోప్యతను చెరిపింది.

వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. ప్రభుత్వ సంస్థలు వికలాంగ ఉద్యోగులకు తగిన సదుపాయాలు కల్పించాలని దాని 20వ సెక్షన్, ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని 21వ సెక్షన్ చెబుతున్నాయి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని తీర్పిచ్చింది. ఆ కేసు వేసినవారిలో ప్రజ్ఞా ప్రసూన్ యాసిడ్ దాడికి గురైన స్త్రీ. ప్రభుత్వాలను ఇవన్నీ అడిగే మనం, మన ఆఫీసుల్లో పాటించవద్దా?

నేను ప్రతిపాదించేది ఇది. రోజువారీ పనికి అడ్మిన్ అధికారం లేని ఖాతాలే వాడాలి. ప్లగిన్‌లన్నీ ఆపి, పరిశీలించినవాటినే అనుమతించాలి. ఆ జాబితాను కారణాలతో సహా తెలుగులో గోడకు అంటించాలి. కొత్తది అడిగినవాళ్లకు రెండు పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. స్క్రీన్ రీడర్ లాంటి సహాయక ప్రోగ్రాములను చేరిన మొదటి రోజే పెట్టివ్వాలి. పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉండాలి, వారిలో ఒకరు ఊళ్లలో పనిచేసే స్త్రీ కావాలి. మూడు నెలలకోసారి అందరూ కూర్చుని జాబితాను సరిచూడాలి.

వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. వచ్చే సిబ్బంది సమావేశపు ఎజెండాలో ఈ విషయం చేర్చండి. పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో ఆ రోజే అడగండి.