వెనుక దీపాలు – ముందుచూపు లేని వైరింగు

"పంతులుగారూ, జీవితమంతా బాలవ్యాకరణం చెప్పుకున్న మీకు జీపు వెనుక దీపాల గొడవ ఎందుకండీ?" అని మొన్న ఒక మిత్రుడు నవ్వాడు. ఎందుకో విన్నవించుకుంటాను. గత మార్గశిరంలో ఒక రాత్రి పాడేరు ఘాటు రోడ్డు మీద ఆ దీపాలు వెలగనందువల్ల నేనూ, మా మేనల్లుడూ లోయ అంచున జానెడు దూరంలో ఆగి బతికాము. వ్యాకరణంలో తప్పు చేస్తే మార్కులు పోతాయి. వైరింగులో తప్పు చేస్తే ఏమి పోతుందో ఆ రాత్రి తెలిసింది.

మా మేనల్లుడిది పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు. కాఫీ తోటల పని మీద ఏజెన్సీ కొండలలో తిరుగుతుంటాడు. కంపెనీవారు పెట్టిన రివర్సు దీపాలు బురద పడితే మిణుగురుల పాటి చేయవని, మైదానంలో ఒక పట్నంలో (పేరు అనవసరం) ఒక దుకాణానికి పోయి వెనుక బంపరు మీద రెండు అదనపు దీపాలు బిగించుకున్నాడు. "అరగంటలో అయిపోయింది మావయ్యా" అని మురిసిపోయాడు కూడా.

ఆ రాత్రి మేము కొండ దిగుతున్నాము. ఎదురుగా బరువుతో ఒక లారీ ఎక్కివస్తున్నది. ఇరుకు కొండదారిలో దిగేబండి ఆగి, ఎక్కేబండికి దారి ఇవ్వాలన్నది నియమం. అక్కడ పక్కకు ఒదిగే చోటు లేదు. వెనుక మలుపు దాకా పోవలసిందే. మావాడు రివర్సు గేరు వేశాడు. వెనుక దీపాలు ఒక్కసారి భగ్గుమని వెలిగి ఆరిపోయాయి. అదనపువే కాదు, కంపెనీ దీపాలు కూడా ఆరిపోయాయి. కాలిన వాసన వచ్చింది. అలవాటైన దారే కదా అని వాడు అంచనాతో రెండు గజాలు వెనక్కు పోనిచ్చాడు. నాకెందుకో మనసొప్పక "ఆపరా!" అని అరిచి, టార్చి పట్టుకొని దిగాను. ఎడమ వెనుక చక్రానికి జానెడు అవతల పిట్టగోడ కూలిపోయి ఉన్నది. దాని అవతల చీకటి తప్ప మరేమీ లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్న సామెతను ఎన్ని తరగతులలో చెప్పానో గాని, దాని అర్థం నాకు బోధపడింది ఆ రోజే.

మరునాడు నమ్మకస్తుడైన ఒక ఎలక్ట్రీషియను చేత బండి విప్పించి చూశాము. జరిగినది ఇది. కంపెనీ దీపాలు ఒక్కొక్కటి 21 వాట్లు. రెండూ కలిసి 42. పన్నెండు వోల్టుల లెక్కన సుమారు 3.5 ఆంపియర్లు. ఆ జీపులోని సన్నని తీగ, గేరుబాక్సుకు బిగించిన చిన్న రివర్సు స్విచ్చి ఆ బరువుకు తగినవి. దుకాణంవారు ఆ తీగనే మధ్యలో గీకి, 55 వాట్ల దీపాలు రెండింటిని దానికే మెలిపెట్టి, టేపు చుట్టారు. అంటే మరో 9 ఆంపియర్లు. మొత్తం పన్నెండున్నర దాటింది. 10 ఆంపియర్ల ఫ్యూజు న్యాయంగానే కాలిపోయింది. "చూడు, నీ తీగ ఇంత మోయలేదు" అని అది చేసిన హెచ్చరిక అది. ఆ మహానుభావులు హెచ్చరికను వినక, హెచ్చరించినవాడిని తీసివేసి, 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టారు! ఆ తరువాత తీగ మీది తొడుగు కరిగింది. గేరుబాక్సు స్విచ్చి లోపలి మొనలు మాడిపోయాయి. అదనపు దీపాలు తాము పోతూ, ఉన్న దీపాలను కూడా వెంటబెట్టుకొని పోయాయి.

ఇది ఒక్క దుకాణం దోషమే అయితే ఈ వ్యాసం రాయను. నలుగురిని అడిగి చూడగా, ఇదే పద్ధతి అని సమర్థించేవారే ఎక్కువగా కనబడ్డారు. కనుక వారి పూర్వపక్షాలను ఒక్కొక్కటిగా తీసుకొని సమాధానం చెప్పడం నా విధి.

మొదటి పూర్వపక్షం: "రిలే ఎందుకండీ, బిల్లు పెంచడానికి కాకపోతే? కనెక్షను నేరుగా ఇస్తే వెలగదా?"

వెలుగుతుంది. మన దీపమే కదా అని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలినట్టు వెలుగుతుంది. రిలే తత్త్వం ఎంత సులువైనదో చూడండి. ఆజ్ఞ వేరు, ఆహారం వేరు. రిలేకు నాలుగు కాళ్ళు, వాటి మీద అంకెలు వేసి ఉంటాయి. 86వ కాలికి కంపెనీవారి రివర్సు తీగ నుంచి చిన్న కొస; 85వది ఎర్తు. ఈ రెంటి మధ్య ఉన్న తీగచుట్టలో విద్యుత్తు పారగానే అది అయస్కాంతమై 30, 87 అంకెల కాళ్ళను లోపల కలుపుతుంది. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావుతీగ. 87 నుంచి దీపాలకు. గేరుబాక్సు స్విచ్చి మోసేది ఆ తీగచుట్ట కోరే పిసరంత కరెంటునే. ఒక ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు. దీపాల ఆకలి సంగతి బ్యాటరీ చూసుకుంటుంది. రాజు ఆజ్ఞ ఇస్తాడు గాని, బియ్యం బస్తా మోయడు కదా! ఆ రిలే వెల ఒక పూట హోటలు భోజనానికి అటూఇటూ. లోయ లోతు ఎంతో నేను చూశాను గనుక ఈ బిల్లు నాకు ఎక్కువ అనిపించడం లేదు.

ఇక ఫ్యూజు. అది దీపాన్ని కాపాడడానికి అనుకునేవారున్నారు. కాదు, తీగను కాపాడడానికి. అందుకే దాని చోటు దీపం దగ్గర కాదు, బ్యాటరీకి జానెడులోపు. బ్యాటరీ నుంచి బంపరు దాకా చాసిస్ కింద పోయే తీగ సైలెన్సరు పక్కగా, ఇంధనపు ట్యాంకు పక్కగా పోతుంది. రేకు అంచుకు ఒరుసుకొని ఎక్కడ తొడుగు చిరిగినా, ఫ్యూజు లేకపోతే ఇంజనును తిప్పే బ్యాటరీ బలమంతా ఆ ఒక్క చోట నిప్పవుతుంది. తీగ రేకును దాటే ప్రతి రంధ్రంలోనూ రబ్బరు గ్రామెట్ ఉండవలసినది ఇందుకే. తీగ లావు కూడా చిన్న విషయం కాదు. 9 ఆంపియర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే ఆరు మీటర్ల దూరంలో అర వోల్టు కూడా నష్టం కాదు. ముప్పాతిక చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే వోల్టు పైనే దారిలో పోతుంది, ఫిలమెంటు బల్బు వెలుగు నాలుగో వంతు పైగా తరిగిపోతుంది. డబ్బు పోసి దీపం కొని, దాని వెలుగును తీగకు తినిపించడమన్నమాట.

రెండవ పూర్వపక్షం: "ఇప్పుడు ఎల్‌ఈడీలు వచ్చాయి పంతులుగారూ, అవి తినేదెంత?"

నిజమే, తక్కువే. 18 వాట్లవి రెండు వేస్తే 3 ఆంపియర్లు. అయినా కంపెనీ దీపాలతో కలిపితే ఆ చిన్న స్విచ్చి మీద బరువు దాదాపు రెట్టింపు. పైగా కొత్తబండ్లలో చాలావాటికి దీపాల వైరింగును కంప్యూటరు కనిపెట్టి ఉంటుంది. అక్కడ తెలియక తీగ గీకితే వచ్చే తంటా ఫ్యూజుతో పోదు. ఎల్‌ఈడీ రిలే అవసరాన్ని తగ్గించవచ్చునేమో గాని, ఫ్యూజు, ఎర్తు, మంచి జాయింటు అవసరాలను తగ్గించదు.

మూడవ పూర్వపక్షం: "సెన్సర్లు, కెమెరా ఉన్నాయిగా! దీపాలు పాతకాలపు మాట."

2019 జూలై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకు వెనుక పార్కింగు సెన్సర్లు తప్పనిసరి చేశారు, మంచిదే. కాని సెన్సరు చేసే పని ఏమిటి? శబ్దతరంగం పంపి, అడ్డమున్న వస్తువుకు తగిలి అది తిరిగివస్తే మోగుతుంది. గోడ ఉంటే మోగుతుంది. గోడ కూలిన చోట లోయ ఉంటే? లోయ ఏ ప్రతిధ్వనినీ తిరిగి పంపదు. ఉన్నదానిని చెప్పగలదు గాని, లేనిదానిని చెప్పలేదు. నేను నిలబడిన ఆ చోట ఎంత ఖరీదైన సెన్సరైనా మౌనంగానే ఉండేది. కెమెరా అంటారా, దానికైనా చూడడానికి వెలుగు కావాలి.

ఇక అసలైన పోరు నాలుగవ పక్షంతో. వీరు రిలే పెడతారు, ఫ్యూజు పెడతారు, వైరింగు చక్కగా చేస్తారు. కాని డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్చి పెట్టి, గేరుతో పని లేకుండా ఎప్పుడంటే అప్పుడు వెనుక దీపాలు వెలిగించుకుంటారు. వెనుకబండివాడు హైబీము తగ్గించకపోతే "బుద్ధి చెప్పడానికి" అట! కళ్ళు బైర్లు కమ్మిన ఆ మోటారుసైకిలువాడు ఘాటు మలుపులో ఎటు పోవాలి? మన బండి వెనక్కు వస్తున్నదనుకొని బ్రేకు వేయాలా, పక్కకు లాగి గోతిలో పడాలా? వెనుక వెలిగే తెల్లని దీపం ఒక వాక్యం. "నేను వెనక్కు వస్తున్నాను" అని దాని అర్థం. ముందుకు పోతూ ఆ వాక్యం పలకడం అబద్ధమాడడం.

చట్టమూ ఇదే అంటున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 108వ నియమం ప్రకారం బండి వెనుకకు ఎరుపు తప్ప వేరే రంగు దీపం కనబడరాదు. మినహాయింపులలో ఒకటి, వెనక్కు నడిపేటప్పుడు వాడే తెల్లని దీపం. గమనించండి, ఆ మినహాయింపు క్రియకు ఇచ్చినది గాని, వస్తువుకు ఇచ్చినది కాదు. క్రియ ఆగితే మినహాయింపూ ఆగుతుంది. దీపాల అమరిక గురించి ఐక్యరాజ్యసమితి చేసిన 48వ నిబంధన కూడా రివర్సు గేరు పడినప్పుడే ఈ దీపాలు వెలగాలంటుంది.

"మరి స్విచ్చే వద్దంటారా?" అంటే, అనను. ఇక్కడ నా పాత చదువు కొంచెం పనికివచ్చింది. శాస్త్రంలో సముచ్చయమనీ, వికల్పమనీ రెండున్నాయి. ఇదీ అదీ కూడితేనే అన్నది సముచ్చయం. ఇదైనా సరే, అదైనా సరే అన్నది వికల్పం. స్విచ్చిని 86వ కాలికి వచ్చే తీగలో, దారి మధ్యలో పెట్టండి. అప్పుడు గేరూ పడాలి, స్విచ్చీ నొక్కాలి, అప్పుడే వెలుగు. పట్నంలో పొరుగింటివారి కిటికీలో వెలుగు కొట్టకుండా ఆపుకోవచ్చు. దారి మీద మాత్రం పొరపాటున కూడా వెలిగించలేరు. అదే స్విచ్చిని బ్యాటరీ నుంచి వేరే దారిన తెచ్చి కలిపితే వికల్పమవుతుంది. గేరు మాట చెల్లదు. రెండింటికీ పట్టేది ఒకే స్విచ్చి, ఒకే రెండు మూరల తీగ. తేడా అంతా బుద్ధిలోనే.

అడవిలో విడిది చేసినప్పుడు బండి వెనుక వెలుగు కావాలనేవారి మాట న్యాయమైనది. వారు పనిదీపం వేరుగా, వేరే ఫ్యూజుతో పెట్టుకొని, అది వెలిగినంతసేపూ డ్యాష్‌బోర్డు మీద ఒక గురుతు దీపం వెలిగేటట్టు చేసుకోవాలి. బండి కదిలే ముందు దానిని ఆర్పాలి. రివర్సు దీపంతో దానిని కలిపి వాడరాదు.

అలంకారశాస్త్రంలో ఔచిత్యం లేని అలంకారం అలంకారమే కాదన్నారు. నడుముకు పెట్టవలసిన వడ్డాణం మెడకు పెడితే అందమా? దీపాలైనా అంతే. బంపరు ఎత్తున, నేల వైపు కొద్దిగా వంచి, వెడల్పుగా పరచుకునే వెలుగు చాలు. ఇంటికప్పు ఎత్తున కోసుకుపోయే వెలుగు పెడితే లంబసింగి మంచులో అది తిరిగి మన కళ్ళలోనే పడుతుంది.

కనుక దీపాలు పెట్టించేవారికి నా మనవి ఒక్కటే. దుకాణంలో దీపం ఎంత మెరుస్తుందో అడగకండి. మూడు ప్రశ్నలు అడగండి: ఫ్యూజు బ్యాటరీకి ఎంత దూరంలో పెడతావు? స్విచ్చి గేరు మాట వింటుందా? ఎర్తు లగ్గు కింద రంగు గీకుతావా? ఈ మూడింటికీ ఓపికగా సమాధానం చెప్పేవాడి చేతికే బండి ఇవ్వండి. "మాకు తెలీదా సార్" అన్నవాడి దగ్గర నుంచి తాళాలు తీసుకొని వచ్చేయండి.

మావాడి జీపుకు ఇప్పుడు వైరింగు మళ్ళీ చేయించాము. అరగంట కాదు, ఒక పూట పట్టింది. ఆ పూటంతా పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాను. అయినా కొండ మీద వాడు రివర్సు వేస్తే నేను టార్చి పట్టుకొని దిగుతూనే ఉన్నాను. వాడు నవ్వుతాడు. నవ్వనీయండి.

స్వస్తి.