ఖాళీ అంటే సున్నా కాదు

కడప నుంచి రాయచోటి వెళ్లే రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ దాటాక మా అవ్వ వాళ్ల ఊరు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు, పొద్దున్నే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని ఊరి వెనక గుండ్ల కొండకు బయల్దేరాను.

“యాడికి పోతాండావురా అబ్బీ?” అంది అవ్వ.

“పసుపు గొంతు పిగిలిపిట్టను చూసేకి అవ్వా.”

“దాన్ని చూసేదేముందిరా! మేం కట్టెలకు పోయినప్పుడంతా ఆ గుండ్లకాడ అరుస్తానే ఉన్నింది.”

అవ్వకది మామూలు పిట్టే. కానీ మన దక్షిణాదిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. సుమారు 20 సెంటీమీటర్ల పిట్ట. తలా గొంతూ పసుపు, వీపు బూడిద రంగు. ఊళ్లో తిరిగే పిగిలిపిట్టకున్నట్టు నల్లటి తల ఉండదు. పెద్ద పెద్ద గుండ్లు, వాటి మధ్య పొదలు ఉన్న కొండలే దాని ఇల్లు. పండ్లు తిని, గింజలు కొండంతా చల్లుతుంది. ఐయూసీఎన్ దీన్ని ముప్పులో ఉన్న పక్షుల జాబితాలో చేర్చింది. గ్రానైట్ క్వారీలు ఒక పెద్ద కారణం. మన వంటగట్టు మీది రాయి ఒకప్పుడు ఏ పిట్ట ఇల్లో!

కలివికోడి కథ మీకు తెలిసిందే. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, ఇక లేదనుకున్నారు. 1986లో మన సిద్ధవటం దగ్గరే మళ్లీ దొరికింది. దాని కోసం లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మారింది. ఉందని రికార్డుకెక్కింది కాబట్టే ఇదంతా జరిగింది.

నా ఉద్యోగం డేటాబేస్‌లతో. కొత్తలో నేనూ ఖాళీ గడిని సున్నాగా లెక్కేసి ఒక రిపోర్టు మొత్తం తప్పు చేశాను. ఖాళీ అంటే ‘తెలీదు’ అని, సున్నా అంటే ‘లేదు’ అని. కొండల సంగతీ అంతే. ఎవరూ చూసి రాయని కొండ కాగితం మీద వట్టి రాళ్లగుట్టే. దాన్ని లీజుకివ్వడానికి ఎవరికీ చెయ్యి వణకదు.

ఆ రోజు రెండు గంటలు కూర్చుంటే ఒకే ఒక్క పిట్ట కనబడింది. గుండు మీద వాలి, రెండు కూతలు కూసి, పొదలోకి దూరింది. అవతలి కొండ నుంచి క్వారీ చప్పుడు వస్తూనే ఉంది. అక్కడే ఫోన్ తీసి ఈబర్డ్ యాప్‌లో తేదీ, టైము, చోటు ఎక్కించాను.

ఒక్క ఎంట్రీతో కొండ నిలబడుతుందని నేననను. కానీ రేపు ఎవరైనా “అక్కడేముంది?” అంటే చూపించడానికి ఒకటుంది. ఈసారి ఊరెళితే మీ కొండకూ ఓ పొద్దు ఇవ్వండి. అవ్వలను కూడా అడగండి. వాళ్లకు గుర్తున్నది ఇంకా ఏ డేటాబేస్‌లోకీ ఎక్కలేదు.