రిపోర్టు కోసం ఆగే జ్వరం కాదిది: వైద్య ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ పెద్దలకు,

స్క్రబ్ టైఫస్ దోమకాటు వల్ల వచ్చే జ్వరం కాదు, కలుషిత నీటి వల్ల వచ్చేదీ కాదు. పొదల్లో, గడ్డిలో, ఎలుకలు తిరిగే పొలంగట్ల మీద చిగ్గర్ అనే పురుగు ఉంటుంది. కంటికి సరిగా ఆనదు. అది కుట్టినప్పుడు ఓరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా ఒంట్లోకి చేరుతుంది. ఇదే కోవకు చెందిన మరో జ్వరం ఇండియన్ టిక్ టైఫస్. అది కుక్కలకు పట్టే పిడుదుల వల్ల వస్తుంది. ఈ రెండింటికీ మందు ఒకటే: డాక్సీసైక్లిన్. చవకైన మాత్ర, జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్న మాత్ర. ఇంత సులువైన మందు ఉన్న జబ్బుకు మనుషులు ఐసీయూ దాకా ఎందుకు వెళ్తున్నారన్నదే ఈ లేఖ అడుగుతున్న ప్రశ్న.

2025 చివర్లో రాష్ట్రంలో స్క్రబ్ టైఫస్ మరణాలు పత్రికలకు ఎక్కాయి. అప్పుడు ప్రజలకు అందిన భరోసా పాతదే: ఇది కొత్త జబ్బు కాదు, మందుంది, కంగారు వద్దు. మూడూ నిజమే. కానీ మందు ఉండటం వేరు, అది సకాలంలో గొంతులో పడటం వేరు. కొత్త జబ్బు కాదన్నది ఊరట మాట ఎలా అవుతుంది? పాత జబ్బయితే దాన్ని పట్టుకోవడం ఈపాటికి ప్రతి పీహెచ్‌సీకీ చేతనై ఉండాలి కదా!

పురుగు కుట్టిన ఆరు నుంచి ఇరవై ఒక్క రోజుల లోపు జ్వరం మొదలవుతుంది. తీవ్రమైన తలనొప్పి, ఒళ్లు నొప్పులు, కొందరికి వాంతులు, పొడి దగ్గు ఉంటాయి. ఇవన్నీ డెంగీలోనూ టైఫాయిడ్‌లోనూ ఉండేవే. ప్లేట్‌లెట్లు ఇందులోనూ పడిపోతాయి, కాబట్టి రక్తపరీక్ష చూసి డెంగీ అనుకోవడం మామూలైపోయింది. తేడా చెప్పేది పురుగు కుట్టిన చోట ఏర్పడే నల్లని పక్కు. చుట్టతో కాల్చినట్టు ఉంటుంది, చుట్టూ ఎర్రగా ఉంటుంది. నొప్పి పుట్టదు, దురద పెట్టదు, అందుకే రోగికి దాని సంగతే తెలియదు. అదీ ఎక్కడో కాదు: చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుము దగ్గర చీర లేదా లుంగీ బిగుసుకునే చోట, చెవుల వెనక. బట్టలు తొలగించి వెతకనిదే కనపడదు. ఓపీ గదిలో తెర లేకపోతే, పక్కన మహిళా సిబ్బంది లేకపోతే ఒక ఆడమనిషి ఒంటిని ఎవరు చూస్తారు? ఆ తెర గురించి ఏ సమీక్షలోనైనా ఎవరైనా అడిగారా? అందరికీ ఈ పక్కు ఏర్పడదు కూడా. లేదు కనుక జబ్బు లేదనుకోవడం మరో పొరపాటు. టిక్ టైఫస్‌లోనైతే పక్కు కన్నా దద్దుర్లు ముఖ్యం, అవి అరచేతులకూ అరికాళ్లకూ వస్తాయి.

పరీక్షల దగ్గర ఆలస్యం ఇంకా పెద్దది. ఐజీఎం ఎలైజా పరీక్ష మొదటి నాలుగైదు రోజుల్లో జబ్బు ఉన్నా లేదని చూపవచ్చు. పాత వీల్-ఫెలిక్స్ పరీక్ష చాలా కేసుల్ని వదిలేస్తుంది. అందుకే భారత వైద్య పరిశోధన మండలి 2015లో ప్రచురించిన మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి: కారణం తేలని జ్వరం ఐదు రోజులు, ఆపైన ఉంటే ఈ జబ్బును అనుమానించాలి, నల్లని పక్కు కనిపిస్తే ఐదు రోజులు కూడా ఆగక్కర్లేదు, అనుమానం కలిగాక రిపోర్టు కోసం మందు ఆపకూడదు. పెద్దలకు రోజుకు రెండు పూటలా 100 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్, వారం రోజులు. గర్భిణులకు అజిత్రోమైసిన్. పిల్లలకు బరువును బట్టి మోతాదు. పళ్లు గారపడతాయన్న భయంతో పిల్లలకు డాక్సీసైక్లిన్ మానేయడం సరికాదు, కొద్ది రోజుల వాడకంతో ఆ నష్టం జరుగుతుందనడానికి ఆధారం లేదు. మందు పడితే చాలామందిలో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆ మార్గదర్శకాల కాగితం వచ్చి పదేళ్లు దాటింది. మారుమూల మండలంలో పనిచేసే వైద్యాధికారి బల్ల మీదికి అది చేరిందా?

చేరని చోట జరిగేది అందరికీ తెలిసిందే. జ్వరం వస్తే కూలి మనిషి ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తుంది. సెలైన్ ఎక్కిస్తారు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్ వేస్తారు. ఆ ఇంజక్షన్ ఈ బ్యాక్టీరియా మీద పనిచేయదు, ఎందుకంటే అది మన కణాల లోపల దాక్కుంటుంది, ఆ మందు దెబ్బతీసే గట్టి కణకవచం దానికి ఉండదు. వారం గడుస్తుంది. రెండో వారంలో ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతింటాయి. ఆ దశలో మాత్రలు చాలవు. వెల్లూరు సీఎంసీ నేతృత్వంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం తీవ్ర దశలో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇవ్వడం ఏ ఒక్కదాని కన్నా మెరుగు. పెద్దాసుపత్రికి అది మేలైన కబురే. కానీ అక్కడిదాకా రానివ్వకపోవడం కదా ప్రజారోగ్యం!

ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలో ఏళ్ల తరబడి పిల్లల్ని బలిగొన్న మెదడువాపులో పెద్ద వాటా స్క్రబ్ టైఫస్‌దేనని తేలింది. ఆ తర్వాతే అక్కడ జ్వరం పిల్లలకు ప్రాథమిక కేంద్రాల్లోనే మందు మొదలుపెట్టే పద్ధతి వచ్చింది. మన దగ్గర ఎందుకు రాకూడదు? మన్యంలో, పత్తి చేలల్లో, ఉపాధి పనుల్లో తిరిగేవాళ్లకు దోమతెరల గురించి చెప్పే ఆశా కార్యకర్తకు ఈ నల్లని పక్కు ఫొటో చూపించారా? పొలం నుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోమని, పిడుదు పట్టుకుంటే కిరోసిన్ పోయకుండా, కాల్చకుండా పట్టుకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగమని ఏ గోడ మీదైనా రాశారా? జ్వరాల సర్వేలో ఈ జబ్బుకు గడి ఉందా?

తొలకరి పడ్డాక పొదలు పెరుగుతాయి, కేసులూ పెరుగుతాయి. ఈలోగా శాఖ మేలుకోవాలి. జ్వరమని వచ్చిన మనిషిని నిలువెల్లా పరిశీలించే ఏర్పాటు, అనుమానం కలిగిన రోజే మాత్ర ఇచ్చే ధైర్యం కింది స్థాయి సిబ్బందికి కల్పించాలని విన్నపం.